మీకు తెలుసా? అది ఒట్టి అల్లరి కాకపోవచ్చు

బిట్రగుంటలోని సర్కారు బడైనా, మరే ఊరి సర్కారు బడైనా, పిల్లల కళ్లు, పళ్లు చూసే ఆరోగ్య బృందం వాళ్ల కుదురునూ గమనించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలోని ఆరోగ్య సమస్యల్లో, నిలకడ, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ కూడా ఒకటి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఈ పరీక్షలు ఉచితం.

ఇది పెంపకం లోపం కాదు. మెదడు ఎదిగే తీరులోని తేడా. ఇందులో వంశపారంపర్యం పాత్ర పెద్దది.

ఆరేళ్లలోపు పిల్లలకు మందులకన్నా ముందు అమ్మానాన్నలకు శిక్షణ ఇస్తారు: ఒకసారికి ఒకే పని చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, రోజూ ఒకే వేళకు తిండి, చదువు, నిద్ర. బడిలో ముందు బెంచీ, మధ్యమధ్య చిన్న విరామాలు మేలు చేస్తాయి. పెద్ద పిల్లలకు అవసరమైతే వైద్యుల పర్యవేక్షణలో మందులు తోడవుతాయి.

చాలామందిలో ఇది పెద్దయ్యాకా ఉంటుంది. పరుగులు తగ్గి మరపు, వాయిదాలు మిగులుతాయి; కరెంటు బిల్లు గడువు దాటిపోతుంది, బండి తాళాలు కనబడవు. పెద్దల్లో నిర్ధారించాలంటే 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. అందుకే వైద్యులు చిన్ననాటి సంగతులు అడుగుతారు.

ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.