పాత గడ్డి మోవరును ఆటబండిగా మార్చాలంటే: ముందు బ్రేకు, తర్వాతే వేగం

హోసూరు కానీ, కోయంబత్తూరు కానీ, బళ్ళారి, బరంపురం, యానాం కానీ, తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇప్పుడు అమెరికాలో ఒక కొడుకో కూతురో ఉంటున్నారు. అక్కడ ఇంటి చుట్టూ పచ్చగడ్డి, ఆ గడ్డిని కోయడానికి మీద కూర్చుని నడిపే మోవరు బండి ఉంటాయి. బండి పాతబడితే షెడ్డులో ఓ మూలకు చేరుతుంది. ఇంట్లో పన్నెండు, పద్నాలుగేళ్ళ పిల్లవాడుంటే మాత్రం అది అక్కడ ఊరికే పడి ఉండదు. కత్తులు పీకేసి, పెద్ద టైర్లు వేసి, పెరట్లో తిప్పే ఆటబండిగా మార్చేస్తారు. ఆ దేశంలో ఇది చాలామందికి అలవాటైన సరదా.

మా మనవడూ అదే చేశాడు. మేమిద్దరం హోసూరు నుంచి నార్త్ కరోలినాలో కొడుకు ఇంటికి వెళ్ళిన వేసవిలో జరిగిందిది. వాడు వీడియోలు చూసి బండికి పుల్లీలు మార్చి వేగం పెంచుకున్నాడు. పెరడు కొంచెం వాలుగా ఉంటుంది. మొదటిసారి కిందికి దిగిన బండి కంచె చెక్కలు విరగ్గొట్టుకుని గానీ ఆగలేదు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. వాడి చెల్లెలు అయిదు నిమిషాల ముందు ఆ కంచె దగ్గరే ఆడుకుంటూ ఉంది.

"తాతా, బ్రేకు నొక్కినా నిలవలేదు" అన్నాడు వాడు. అబద్ధం కాదు. ఆ బ్రేకు అంత వేగాన్ని ఆపడానికి చేసింది కాదు. వర్క్‌షాపులో బతికినవాళ్ళం కాబట్టి, బండిని అమ్మేయమని మేము చెప్పలేదు. మొత్తం విప్పించి, సరైన వరుసలో మళ్ళీ కట్టించాం. ఆ వరుసేమిటో, ఎందుకో మీ పిల్లలకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ఈ బండి లోపల ఏముంటుంది?

మన పక్క పొలాల్లో తిరిగే పవర్ టిల్లరు తెలిసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. ఎక్కువ బళ్ళలో ఒకే సిలిండరు ఉన్న పెట్రోలు ఇంజను ఉంటుంది. దాని షాఫ్టు కిందికి నిలువుగా దిగుతుంది. ఆ షాఫ్టు మీద రెండు పుల్లీలుంటాయి. ఒక బెల్టు మధ్యలో ఉన్న కత్తుల డెక్కును తిప్పుతుంది. రెండోది వెనక చక్రాల గేరు పెట్టెకు పోతుంది. క్లచ్ పెడలు నొక్కితే ఈ రెండో బెల్టు వదులై బండికి లాగుడు పోతుంది.

మొత్తం యంత్రాన్ని గంటకు 8, 9 కిలోమీటర్ల వేగంతో, చదునైన నేల మీద నెమ్మదిగా నడవడానికి కట్టారు. బ్రేకు, స్టీరింగు, చక్రాల బుష్‌లు, చాసిస్ రేకు, అన్నీ ఆ నడకకు సరిపోయేవే. వేగం పెంచితే ఇంజను ఒక్కటే ఉత్సాహంగా ముందుకు లాగుతుంది, మిగతావన్నీ వెనకబడిపోతాయి. ప్రమాదం అక్కడే పుడుతుంది.

మొదటి పని: కత్తులు తీసేయడం

పని మొదలుపెట్టే ముందు స్పార్కు ప్లగ్గు వైరు ఊడదీయాలి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాలి. చేత్తో కత్తి తిప్పితే ఇంజనూ తిరుగుతుంది. ప్లగ్గు వైరు ఉంటే ఒక్కోసారి అంటుకుంటుంది కూడా.

అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం మోవరు కత్తి కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. అంటే గంటకు సుమారు 347 కిలోమీటర్లు. ఆ హద్దుకు లోపలే తిరిగినా, తగిలిన గులకరాయి తూటాలా ఎగురుతుంది. అందుకే ఆటబండిలో డెక్కు మొత్తం దిగిపోవాలి, దాని బెల్టూ పోవాలి. "ఆదివారం గడ్డి కోసుకుందాం, మిగతా రోజుల్లో ఆడుకుందాం" అనే ఆలోచన పెట్టుకోవద్దు. ఒకే బండి రెండు పనులకూ వద్దు.

డెక్కు తీస్తే ఇంకో మార్పు వస్తుంది. అడుగున ఉన్న బరువు పోతుంది కాబట్టి బండి గరిమనాభి పైకి జరుగుతుంది. అంటే బండి ముందుకంటే తేలిగ్గా పక్కకు ఒరుగుతుంది. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, టైర్ల దగ్గర మళ్ళీ వస్తుంది.

రెండో పని: ఆగడం

చాలా మోవర్లలో బ్రేకు అంటే గేరు పెట్టె పక్కన అరచేతిలో పట్టే ఒక చిన్న డిస్కు, దాన్ని అదిమే రెండు ప్యాడ్లు. నడక వేగానికి అది చాలు. కానీ లెక్క చూడండి. వేగం రెండింతలైతే ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుంది. వేగం నాలుగింతలైతే దూరం పదహారింతలు. నడక వేగంలో అర మీటరులో ఆగే బండికి అప్పుడు ఎనిమిది మీటర్లు కావాలి. అదీ ప్యాడ్లు వేడెక్కి జారకుండా ఉంటేనే. వాలు ఉంటే ఇంకా ఎక్కువ. మా కంచె విరిగింది ఈ లెక్క వల్లే.

కాబట్టి పుల్లీ ముట్టుకునే ముందు బ్రేకు. గో-కార్టుకు వాడే పెద్ద డిస్కు, క్యాలిపరు తెచ్చి వెనక యాక్సిలుకు గట్టిగా బిగించుకోవచ్చు. క్యాలిపరు పట్టి కదలకుండా వెల్డింగు పట్టీ వేయాలి. ఇది చేతకాకపోతే, చేసేవాళ్ళు దగ్గర లేకపోతే, వేగం ముట్టుకోకండి. అసలు వేగంతోనే తిరిగినా పిల్లలకు సరదా తగ్గదు.

ఆగడంలో ఇంకో మూడు సంగతులున్నాయి.

మోవరు యాక్సిలరేటరు ఒక చేతి పిడి. ఎక్కడ పెడితే అక్కడే నిలుస్తుంది. గడ్డి కోతకు అదే సౌకర్యం, ఆటబండికి అదే ముప్పు. దాని బదులు కాలితో నొక్కే పెడలు పెట్టి, కాలు తీయగానే వెనక్కి వచ్చేలా గట్టి స్ప్రింగు వేయాలి.

సీటు కింద ఒక స్విచ్చు ఉంటుంది. కత్తులు తిరుగుతుండగానో, బండి గేరులో ఉండగానో మనిషి సీటు మీంచి లేస్తే ఇంజను ఆగిపోతుంది. గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఆగుతోందని పిల్లలు మొదట పీకేసేది దీన్నే. పీకేస్తే దానికి బదులు తాడు స్విచ్చు తప్పనిసరి. ఆ తాడు కొస నడిపేవాడి మణికట్టుకు కట్టాలి. వాడు పడితే తాడు ఊడి ఇంజను ఆగాలి. అమెరికాలో మోవరు పందేలు నడిపేవాళ్ళు కూడా ఈ తాడు లేనిదే బండిని బరిలోకి రానివ్వరు.

మూడోది పాత పెట్రోలు. ఏళ్ళ తరబడి ట్యాంకులో ఉన్న పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటరులో పేరుకుంటుంది. పిడి తిప్పినా ఇంజను మాట వినదు. ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటరు కడిగి, పైపులు కొత్తవి వేయాలి. ఇంజనును మూసిన షెడ్డులో స్టార్టు చేయొద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, తెలిసేలోపే మనిషిని పడేస్తుంది.

మూడో పని: తిరగడం

బండి ముందు భాగం కింద పడుకుని చూడండి. ముందు చక్రాలు తరచుగా ఒక చిన్న క్లిప్పు మీద ఆధారపడి ఉంటాయి. చక్రం లోపల బేరింగు ఉండదు, ప్లాస్టిక్ బుష్ ఉంటుంది. స్టీరింగు కింద పళ్ళ రేకు, దాన్ని తిప్పే చిన్న పిన్యను. పాత బళ్ళలో ఆ పళ్ళు అరిగి, స్టీరింగును అరచెయ్యి మేర తిప్పినా చక్రం కదలదు.

బుష్‌ల స్థానంలో బేరింగులు, క్లిప్పుల స్థానంలో వాషరు వేసి బిగించిన బోల్టులు, అరిగిన పళ్ళ రేకు స్థానంలో కొత్తది లేదా నేరుగా లాగే రాడ్డు, కీళ్ళ దగ్గర గట్టి రాడ్ ఎండ్లు వేయాలి. చాసిస్ అంటే మడిచిన రేకే కాబట్టి ముందు యాక్సిలు పిన్ను దగ్గర, గేరు పెట్టె దగ్గర యాంగిలు ముక్కలు వేసి వెల్డింగు చేయించాలి. డెక్కు వేలాడిన చోటు ఇప్పుడు ఖాళీ. అక్కడ అడ్డంగా ఒక చానలు పడితే చాసిస్ మెలితిరగదు.

తర్వాత టైర్లు. పెద్ద పళ్ళ టైర్లు వేస్తే బండి చూడ్డానికి బాగుంటుంది, బురదలో దిగబడదు. కానీ డెక్కు తీసేసరికే గరిమనాభి పైకి పోయింది. పెద్ద టైరు దాన్ని ఇంకా పైకి లేపుతుంది. బండి వెడల్పు మాత్రం మారదు. అందుకని ఎత్తు పెంచితే చక్రాల మధ్య దూరం కూడా పెంచాలి. చాలా మోవర్ల పుస్తకాల్లో 15 డిగ్రీలు దాటిన వాలు మీద నడపొద్దని రాసి ఉంటుంది. అది డెక్కు ఉన్న, ఎత్తు పెంచని బండికి చెప్పిన మాట. మీ బండికి హద్దు దానికంటే తక్కువే అనుకోండి.

ఆఖరు పని: వేగం

పుల్లీ లెక్క తేలిక. ఉదాహరణకు ఇంజను పుల్లీ 3 అంగుళాలు, గేరు పెట్టె పుల్లీ 6 అంగుళాలు అనుకుందాం. ఇంజను రెండు చుట్లు తిరిగితే గేరు షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. రెండూ ఒకే కొలత వేస్తే బండి వేగం రెండింతలై, గంటకు 16 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. వాటిని తారుమారు చేస్తే నాలుగింతలు, అంటే 32 దాటుతుంది. మా మనవడు మొదట చేసింది రెండోది. ఇప్పుడు మేము ఉంచింది మొదటిది.

రెండు హెచ్చరికలు. గేర్లకు బదులు నూనె పంపుతో నడిచే హైడ్రోస్టాటిక్ పెట్టె ఉన్న బండికి ఈ పుల్లీ వైద్యం చేయొద్దు. అది వేడెక్కి పాడవుతుంది. గేరు పెట్టె ఉన్న బండినే ఎంచుకోండి.

రెండోది ఇంకా ముఖ్యం. ఇంజనులో గవర్నరు అనే ఏర్పాటు ఉంటుంది. ఇలాంటి ఇంజన్లను అది నిమిషానికి 3,600 చుట్లు దాటనివ్వదు. దాన్ని పీకేస్తే ఇంజను ఇంకా అరుస్తుంది, బండి ఇంకా లాగుతుంది. కానీ ఫ్లైవీలు, కనెక్టింగ్ రాడ్డు ఆ చుట్లకు పోత పోసినవి కావు. రాడ్డు తెగితే ఇంజను పోతుంది. ఫ్లైవీలు పగిలితే ముక్కలు మనిషి వైపే వస్తాయి. పందేల్లో గవర్నరు తీసేసేవాళ్ళు ఫ్లైవీలూ రాడ్డూ రెండూ గట్టివి వేసుకుంటారు. ఇంటి షెడ్డులో గవర్నరు జోలికి పోవద్దు.

ఎక్కడ నడపాలి?

సొంత పెరట్లో, చదును నేల మీద, హెల్మెట్టు, బూట్లు, చేతి తొడుగులతో. ఒక్కరే ఎక్కాలి. చిన్నపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు. అమెరికాలో ఇలాంటి బండిని మామూలుగా రోడ్డెక్కనివ్వరు. రాష్ట్రానికో నియమం ఉంటుంది, ఇంటి బీమా షరతులూ చూసుకోవాలి. మన దేశంలో ఇలాంటి ప్రయోగం చేసేవాళ్ళకూ ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 39వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను లేని బండిని బహిరంగ స్థలంలో నడపకూడదు. మైనరు నడిపి నేరం జరిగితే, 2019 సవరణలో వచ్చిన 199ఏ సెక్షను కింద సంరక్షకుడికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి.

పందెమూ ఉంది, మన పెద్దాయనా ఉన్నాడు

దీన్ని పిల్లచేష్ట అని కొట్టిపారేయక్కర్లేదు. 1973లో ఇంగ్లండులోని వెస్ట్ ససెక్స్‌లో, విస్‌బరో గ్రీన్ అనే ఊళ్ళో కొందరు మిత్రులు తక్కువ ఖర్చుతో మోటారు పందెం ఎలా ఆడాలా అని ఆలోచించి మోవరు పందేలు మొదలుపెట్టారు. కత్తులు తీసేయాలి, డబ్బు బహుమతులుండవు. పేరున్న కారు పందేల వీరుడు స్టిర్లింగ్ మాస్ కూడా ఆ పందేల్లో గెలిచాడు. అమెరికాలో 1992లో ఇలాంటి సంఘమే ఏర్పడింది.

మన తెలుగు ఇళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ కోయంబత్తూరు జి.డి. నాయుడు. 1893లో కలంగల్ గ్రామంలో, తమిళనేలపై స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. ఒక దొర నడిపే రడ్జ్ మోటారు సైకిలు చూసి ముచ్చటపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నాడు. కొన్నాక చేసిన పని, దాన్ని విప్పి మళ్ళీ బిగించడం. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపినవాడు, తర్వాత ఎన్నో యంత్రాలు చేసినవాడు ఆ విప్పడంతోనే మొదలయ్యాడు.

మా మనవడు కూడా ఆ వేసవంతా విప్పడం, బిగించడమే చేశాడు. ఫోన్లో నాలుగు మాటలకు మించి తెలుగు రానివాడు పానా, సుత్తి, ఆకురాయి, శీల, మర, ఇరుసు అన్నీ నేర్చుకున్నాడు. బడిలో తెలుగు లేకపోయినా హోసూరు ఇళ్ళల్లో మేము భాష నిలబెట్టుకున్నది ఇలా పని చేస్తూ మాట్లాడుకునే.

ఇప్పుడు వాడు బండి ఎక్కే ముందు మూడు పనులు చేస్తాడు. బ్రేకు నొక్కి బండిని తోసి చూస్తాడు. తాడు లాగి ఇంజను ఆగుతుందో లేదో చూస్తాడు. చెల్లెలు ఎక్కడుందో చూస్తాడు. మీ పిల్లలు అడిగినా ముందు ఈ మూడే నేర్పండి. పుల్లీ సంగతి తర్వాత.