దూరమునుండి పంపు నడుపు పెట్టె: రెండు విధములైన ప్రశ్నలు

కాలువ గట్టుమీది లస్కరు గేజి రాయిపై నీటిమట్టమును చదువును. తూము తలుపు తెరచియున్నదో, మూసియున్నదో చూచును. మొదటిది “ఎంత?” యను ప్రశ్న. రెండవది “అవునా, కాదా?” యను ప్రశ్న. పంపును దూరమునుండి నడుపు పెట్టెలోని అనలాగు, డిస్క్రీటు ఛానెళ్ల భేదమిదియే.

1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్టయు, 1957లో దాని స్థానమున వెలసిన ప్రకాశం బ్యారేజియు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములకు కాలువ నీటి నందించినవి. అయినను చివరి భూములకు వంతు నీరు ఆలస్యమైనపుడు పంపు పెట్టి తోడుకొనుట తప్పదు. రాత్రివేళ తడిగట్టుమీద చీకటిలో స్టార్టరు వద్దకు పోవుట ప్రాణముతో చెలగాటము. ఈ పెట్టె ఆ యపాయమును తప్పించును. కాని దాని ఛానెళ్లను సరిగా కుదిర్చినపుడే సుమా!

ముందు అనలాగు సంగతి. మట్టము కొలుచు సెన్సారు సాధారణముగా 4 మొదలు 20 మిల్లీఆంపియర్ల కరెంటును పంపును. కొలత 5 మీటర్ల వరకైనచో, 4 అనగా నీరు లేదు. 12 అనగా రెండున్నర మీటర్లు. 20 అనగా 5 మీటర్లు. మొదలు సున్న గాక 4 యేల? తీగ తెగినచో కరెంటు సున్న యగును. నీరు లేకుండుట వేరు, తీగ తెగుట వేరు అని దీనివలన తెలియును. ఛానెలును “0 మొదలు 20” అని కుదిర్చినచో, ఎండిన గుంటలో సైతము 1 మీటరు నీరున్నట్లు చూపును. 60 సెంటీమీటర్ల వద్ద ఆగుమన్న మన యాజ్ఞ యెన్నటికిని నెరవేరదు. పంపు నీరులేక తిరిగి చెడిపోవును.

ఇక డిస్క్రీటు ఛానెళ్లు. ఫ్లోటు స్విచ్చి, ఫేజు రిలే వీనికి చేరును. అంతయు క్షేమముగా నున్నపుడు మూసియుండు కాంటాక్టునే వాడవలెను. అప్పుడు తీగ తెగినను పంపు ఆగును. అలలకు ఫ్లోటు ఊగును గనుక కొన్ని సెకండ్ల జాగు నుంచవలెను. 60 సెంటీమీటర్ల వద్ద ఆగిన పంపు 90 సెంటీమీటర్లకు నీరు చేరినపిదపనే మరల నడువవలెను. లేనిచో క్షణక్షణము ఆగుచు, నడచుచు నుండును. ఆజ్ఞ పంపినంతమాత్రమున మోటారు తిరిగినట్లు కాదు. స్టార్టరు పడినట్లు తెలుపు తీగ నొకదానిని గూడ పెట్టెకు కలుపవలెను.

మెకానికు వెళ్లకముందే మన యెదుట ఒక్కొక్క సెన్సారు తీగను ఊడదీయించి, పంపు ఆగుచున్నదేమో చూడుడు. ఏ ఛానెలుకు ఏ తీగ, ఎంత కొలత యను వివరమును సంఘము పుస్తకమున వ్రాయించుడు. దూరముననున్న వారు ఏ క్షణముననైన పంపును నడుపవచ్చును గనుక, మెయిను స్విచ్చి తీయక ఎవ్వరును తీగలను, మోటారును ముట్టరాదు.