పుట్నాల షేక్, బెల్లం లెక్క

హైదరాబాద్ చంపాపేట్‌లో జిమ్‌లో చేరిన కుర్రాళ్లకు మొదటి వారంలోనే అందే సలహా ప్రోటీన్ డబ్బా. వేలు పోసి అది కొనడం ఇష్టం లేనివాళ్లు ఇంట్లో మిక్సీ ఆన్ చేస్తారు. పాలు, రెండు అరటిపండ్లు, ఐదు ఖర్జూరాలు, గుప్పెడు పల్లీలు, పైన రెండు పెద్ద చెంచాల తేనె. పంచదార వేయలేదు కనుక షుగర్ బెడద లేదని ధీమా.

లెక్క వేస్తే ధీమా కరిగిపోతుంది. అరటిపండ్లలో చక్కెరలు సుమారు 25 గ్రాములు, ఖర్జూరాల్లో దాదాపు అంతే, తేనెలో 30కి పైనే. విడిగా కలుపుకునే తీపి రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పండు కొరికి తింటే ఆ లెక్కలోకి రాదు, తేనె మాత్రం పంచదారతో సమానంగా వస్తుంది. బెల్లమూ అంతే. ‘సహజం’ అన్న మాటకు రక్తంలోని గ్లూకోజు ఏమీ మొహమాటపడదు.

ఈ వ్యవహారంలో హైదరాబాద్‌కు సొంత చరిత్ర ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో ఇక్కడికి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. పోషకాహారం అందని పిల్లల కోసం ఈ సంస్థ ‘హైదరాబాద్ మిక్స్’ తయారుచేసింది: వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల పొడిలో 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రోటీన్. ఏ కిరాణా కొట్టులోనైనా దొరికే సరుకులతో అంత బలం! అందులో దాదాపు పావు వంతు బెల్లమే, అదీ కావాలనే వేశారు. బక్కచిక్కిన పిల్లలకు ప్రోటీన్‌తోపాటు కేలరీలూ కావాలి. రోజంతా కుర్చీలో కూర్చుని సాయంత్రం గంటసేపు బరువులెత్తే పెద్దవాళ్లకు ఆ బెల్లంతో పనిలేదు.

అందుకని శనగలు, పల్లీలు ఉంచుకుని బెల్లం తీసేస్తే సరి. ఒక గ్లాసు టోన్డ్ పాలు, 30 గ్రాముల పుట్నాల పొడి, 15 గ్రాముల వేయించిన పల్లీలు, కాస్త యాలకుల పొడి. మొత్తం 16 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. తీపి లేనిదే గొంతు దిగదంటే సగం అరటిపండు చాలు. పాల బదులు పల్చని మజ్జిగ, చిటికెడు ఉప్పు, జీలకర్ర పొడి వేస్తే ఎండాకాలం ఇంకా హాయి, ప్రోటీన్ మాత్రం కొంచెం తగ్గుతుంది. పచ్చి గుడ్డు కొట్టి పోసుకునే పాత అలవాటు మానుకోవడమే మేలు. ఉడికించిన గుడ్డులోని ప్రోటీనే బాగా ఒంటబడుతుంది, సాల్మొనెల్లా భయమూ ఉండదు.

ఎంత కావాలన్నది వేరే ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అన్నది మన దేశపు ప్రమాణం. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్డు సరిగా తినేవాళ్లకు ఇందులో చాలా భాగం కంచంలోనే దొరుకుతుంది. డబ్బా పొడుల్లో చక్కెరలు, కృత్రిమ రుచులు కలిసి ఉండవచ్చనీ, వాటిని రోజూ వాడటం మంచిది కాదనీ తార్నాక సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు హెచ్చరించాయి.

షుగర్ ఉన్నవాళ్లు పాలలోని చక్కెరనూ లెక్కలో వేసుకోవాలి, గ్లాసుకు సుమారు 10 గ్రాములు. షేక్‌ను భోజనం మీద అదనంగా కాక, సాయంత్రం పూట బిస్కెట్లు, మిర్చి బజ్జీల బదులు తాగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఏ ప్రోటీన్ షేకూ, ఇంట్లో చేసినదైనా సరే, మొదలుపెట్టకూడదు.