జీబ్రా గీతల మీద యువతరం

యువతరం సంస్కృతి ప్రస్తావన వస్తే మనలో చాలామంది విమర్శకులు రెండు మాటల్లో తేల్చేస్తారు. ఒకటి అనుకరణ, రెండోది పతనం. బట్టలు, జుట్టు, పాట, ఫోను అన్నీ మార్కెట్టు పోసిన మూసలేననీ, ఆ మూసలో పడ్డ కుర్రవాడికి సొంత ఆలోచన మిగలదనీ వాదిస్తారు. ఈ వాదనలో నిజం లేకపోలేదు. అయితే అది సగం నిజమేనని నేనంటాను. మిగతా సగాన్ని ఇండోనేషియా అనుభవం నుంచి పరిశీలిద్దాం.

2022 జూలై నాటికి జకార్తా నడిబొడ్డున దుకుహ్ అతస్ అనే చోట ఒక వింత దేశమంతటి దృష్టినీ ఆకర్షించింది. ఎత్తైన భవనాల మధ్య మెట్రో, లోకల్ రైళ్లు కలిసే ప్రాంతమది. అక్కడ రోడ్డు దాటే జీబ్రా గీతల మీద చిన్నవయసు పిల్లలు తమకు తోచిన వేషాల్లో ఫ్యాషన్ ప్రదర్శనలా నడవసాగారు. వాళ్లు ధనికుల బిడ్డలు కారు. చితాయమ్, బోజోంగ్ గెదే, దెపోక్ వంటి దక్షిణ శివార్ల నుంచి లోకల్ రైలెక్కి వచ్చినవాళ్లు. ఆ రైల్లో మొదటి 25 కిలోమీటర్లకు టిక్కెట్టు 3,000 రుపియాలు. మన లెక్కలో ఇరవై రూపాయలు కూడా కాదు. ఒంటిమీద చౌక బట్టలే. దీనికి ‘చితాయమ్ ఫ్యాషన్ వీక్’ అన్న పేరు స్థిరపడింది.

జకార్తాలో పెద్ద కంపెనీల వాడను ‘ఎస్‌సీబీడీ’ అంటారు. సుదిర్మాన్ సెంట్రల్ బిజినెస్ డిస్ట్రిక్ట్ అన్నదానికి అది పొట్టిపేరు. జనం ఆ అక్షరాలనే సుదిర్మాన్, చితాయమ్, బోజోంగ్ గెదే, దెపోక్ అని విడదీసి చెప్పుకున్నారు. పెట్టుబడి పెట్టుకున్న పేరును శివారు ఊళ్ల పేరుగా మార్చిన ఈ హాస్యం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది.

ఈ పిల్లలు అంత దూరం ఎందుకు వచ్చారు? ఇండోనేషియన్లు ‘నొంగ్‌క్రొంగ్’ అంటారు. నలుగురూ చేరి ఊరికే కూర్చుని కాలక్షేపం చేయడం. జకార్తా మాల్స్‌కు పేరుపడ్డ నగరం. కాని మాల్‌లో తీరిగ్గా కూర్చోవాలంటే జేబులో డబ్బుండాలి. దుకుహ్ అతస్ కాలిబాట ఎవర్నీ డబ్బు అడగలేదు.

వెక్కిరింపులూ వచ్చాయి. అక్కడ ‘కాంపుంగన్’ అంటే నాటుమనిషి, నాగరికత తెలియనివాడు. ‘అలాయ్’ అంటే గాలిపటాలెగరేసే కుర్రాడని అర్థం చెబుతారు. ఎండలో తిరిగి జుట్టు ఎర్రబారినవాడన్నమాట. ఎండకన్నెరగని వర్గమే ఈ మాటను తిట్టుగా వాడగలదు.

తర్వాతి క్రమం గమనించదగ్గది. నటులు, మోడళ్లు, రాజకీయ నాయకులు వచ్చి అవే గీతల మీద నడిచి ఫొటోలు దిగారు. ఒక సినీనటుడి కంపెనీ ఆ పేరును తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టింది. విమర్శలు చెలరేగాక వెనక్కి తీసుకుంది. ట్రాఫిక్‌కు అడ్డమంటూ అధికారులు ఆ నడకను ఆపించారు. మొదట నవ్వడం, పిదప అమ్మజూడడం, చివరికి ఖాళీ చేయించడం. పేదవాళ్ల సృజన ఏ దేశంలోనైనా ఎదుర్కొనే మూడు దశలివి.

మార్కెట్టు సరుకుకు కూడా జనం తమ అర్థాన్ని కల్పించగలరని 2025 చూపింది. ఆ ఆగస్టులో 80వ స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు, జపాన్ బొమ్మల కథ ‘వన్ పీస్’లోని గడ్డిటోపీ పుర్రె జెండా లారీల మీదా ఇళ్ల ముందూ ఎగిరింది. కథలో అది అన్యాయపు ప్రభుత్వాన్ని ఎదిరించే ఓడదొంగల జెండా. పార్లమెంటు ఉపసభాపతి ఒకరు దాన్ని జాతిని చీల్చే ప్రయత్నమన్నారు.

అదే నెలలో పార్లమెంటు సభ్యులకు నెలకు 5 కోట్ల రుపియాల ఇంటి భత్యం సంగతి బయటపడి ప్రదర్శనలు సాగాయి. జకార్తా కనీస వేతనానికి అది తొమ్మిది రెట్లకు పైమాట. ఆగస్టు 28 రాత్రి పోలీసు సాయుధ వాహనం కిందపడి 21 ఏళ్ల మోటారుసైకిల్ టాక్సీ డ్రైవరు అఫాన్ కుర్నియవాన్ మరణించాడు. ఆ డ్రైవర్లు తొడిగే జాకెట్టు ఆకుపచ్చ రంగు, పార్లమెంటు ఎదుట పోలీసులకు ఎదురు నిలిచిన ఒక స్త్రీ తలగుడ్డ గులాబీ రంగు కలిసి యువకుల ఫోన్లలో నిరసన చిహ్నమయ్యాయి. నెలాఖరున దేశాధ్యక్షుడు భత్యాలు రద్దవుతాయని ప్రకటించక తప్పలేదు.

ఫ్యాషన్ నుంచి ఉద్యమం పుట్టిందని నేననడం లేదు. ఉద్యమానికి కారణం వేతనానికీ భత్యానికీ మధ్య ఉన్న ఆ తేడా. ఫోన్లలో పంచుకున్న ప్రతి ఫొటో మీదా లాభం గడించిన కంపెనీలున్నాయన్నదీ మరువరాదు. అయితే రంగు, బట్ట, నడక ఎవరివన్న పోరాటం కూడా సాంస్కృతిక రంగంలో పోరాటమే. కుర్రవాడు ఏం తొడిగాడని విచారించే విమర్శకుడు, అతనికి ఈ నగరంలో ఉచితంగా కూర్చునే చోటు ఎక్కడుందని కూడా విచారించాలి.