ఒడ్డు సరైతే వయసు అడ్డు కాదు

వార్ధా, వైన్‌గంగా నదుల నడుమ విస్తరించిన చంద్రపూర్ జిల్లాలో నీటి ఒడ్డుకు కొదవ లేదు. ఇరాయ్, ఝర్‌పట్ నదులు కలిసే చోట గోండు రాజుల కోట చుట్టూ పెరిగిన చంద్రపూర్ నగరంలోనే రామాలా చెరువు ఉంది. పొలిమేర దాటితే జునోనా చెరువు, ఇరాయ్ జలాశయం, నాగ్‌భీడ్ వైపు ఘోడాఝరీ సరస్సు, బల్లార్‌పూర్‌కూ రాజురాకూ మధ్య పారే వార్ధా నది ఉన్నాయి. ఈ వార్ధాయే దిగువన వైన్‌గంగతో కలిసి ప్రాణహితగా మారి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది కాబట్టి, ఈ ఒడ్డున తెలుగు మాట వినపడటం వింతేమీ కాదు. రాజురా ప్రాంతం 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉండేది. బల్లార్‌పూర్ కాగితం మిల్లు, బొగ్గు గనులు, రైల్వే పనులు ఎన్నో తెలుగు కుటుంబాలను ఇక్కడికి రప్పించాయి. జీవితమంతా బరువు పని చేసి విశ్రాంతి తీసుకుంటున్న ఆ తరంలో మోకాళ్లు అరిగినవారు, నడుము దెబ్బతిన్నవారు, పక్షవాతం నుంచి కోలుకున్నవారు తక్కువేమీ కాదు. చిన్నప్పటి నుంచి అలవాటైన గాలపు వేటను ఇలాంటివారు వదులుకున్నప్పుడు ఇంట్లోవారు దాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకుంటారు గాని, నిదానంగా పరిశీలిస్తే వారికి శరీరం కన్నా ఎక్కువగా అడ్డుపడేది ఏటవాలుగా, బురదగా, కూర్చోవడానికి చోటు లేకుండా ఉన్న ఒడ్డేనని తేలుతుంది.

ఒడ్డు మీది గాలపు వేటకు పడవ అక్కరలేదు, వల అక్కరలేదు. వెదురు కర్ర, దానికి కట్టిన తంగూసు దారం, నీటి మీద తేలుతూ చేప తాకిడిని చూపించే బెండు, దారాన్ని కిందికి లాగే సీసపు గుండు, చివరన ఎర గుచ్చిన గాలం ఉంటే చాలు. ఈ వేటలో స్థూలంగా రెండు పద్ధతులున్నాయి: చేప ఉన్న చోటికి మనిషి తిరుగుతూ వెళ్లడం ఒకటి, మనిషి ఉన్న చోటికే చేపను రప్పించడం రెండవది. కాలు సాగనివారికి పనికివచ్చేది రెండవ పద్ధతి. అది వారి కోసం కొత్తగా కల్పించిన సదుపాయం కాదు, ఈ దేశంలో ఎంతో పాతది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే ప్రకరణం ఉంది. చేపల జాతులను, ఏ చేపకు ఏ మేత నచ్చుతుందో, మేత వేసి వాటిని ఎలా మచ్చిక చేయాలో, ఆ తరువాత గాలం ఎలా వేయాలో అందులో వివరించారు. చక్రవర్తి వినోదంగా చెప్పిన ఆ క్రమంలో పరుగులు లేవు, ఓపికా మేతా మాత్రమే ఉన్నాయి. ఈ వినోదానికి వయసూ అడ్డు రాదు: ఇంగ్లండులో గాలపు వేట మీద అత్యంత ప్రసిద్ధమైన గ్రంథాన్ని 1653లో వెలువరించిన ఐజాక్ వాల్టన్‌కు అప్పటికి దాదాపు 60 ఏళ్లు కాగా, దాని అయిదవ కూర్పు 1676లో, ఆయన 83వ ఏట వచ్చింది.

సంప్రదాయంగా మన ఒడ్లలో గాలం వేసేవారు నీటి అంచున గొంతుక్కూర్చుంటారు, అంటే పిరుదులు నేలకు ఆనకుండా మోకాళ్లు పూర్తిగా ముడిచి పాదాల మీద కూర్చుంటారు. ఆ భంగిమలో మోకాలి చిప్ప వెనుక పడే ఒత్తిడి శరీర బరువుకు ఎన్నో రెట్లుంటుంది కాబట్టి, ఎముకల చివర మెత్తగా ఉండే మృదులాస్థి అరిగిపోయినవారికి, అంటే కీళ్ల అరుగుదల ఉన్నవారికి, అంతకన్నా చెడ్డ ఆసనం ఉండదు. మోకీలు మార్పిడి చేయించుకున్నవారిని వైద్యులు సాధారణంగా గొంతుక్కూర్చోవద్దనే చెబుతారు. తుంటి కీలు మార్చినవారైతే తొలి నెలల్లో తొడ నడుముకు లంబకోణాన్ని మించి వంగకుండా చూసుకోవాలి. అందువల్ల గాలపు వేట కొనసాగాలంటే మొదట మారవలసింది కూర్చునే తీరు. నవ్వారు మంచంలా కిందికి దిగిపోయే మడత కుర్చీ పనికిరాదు. కూర్చుంటే తొడలు నేలకు సమాంతరంగా, పాదాలు పూర్తిగా నేలకు ఆనేటంత ఎత్తు, అంటే సుమారు 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు, లేచేటప్పుడు రెండు చేతులూ మోపడానికి గట్టి చేతులు ఉన్న కుర్చీ కావాలి. నల్లరేగడి ఒడ్డున కుర్చీ కాళ్లు మట్టిలో దిగిపోయి, అందులోనూ ముందు కాళ్లు ముందుగా దిగిపోయి మనిషి నీటి వైపు ఒరిగే ప్రమాదముంది కాబట్టి కింద ఒక చెక్క పలక పరచడం, కుర్చీని అంచుకు కనీసం ఒక నిలువెత్తు దూరంలో వేయడం తప్పనిసరి. ప్రమాదవశాత్తు గాయపడి మరణించేవారిలో రోడ్డు ప్రమాదాల తరువాత ఎక్కువమంది పడిపోవడం వల్లనే చనిపోతున్నారని, వారిలోనూ 60 దాటినవారే అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒడ్డున పడటమంటే నీటిలో పడటం కూడా కావచ్చు.

అంచుకు దూరంగా కూర్చున్నప్పుడు కర్ర పొడవు పెరగాలి, కాని బరువు పెరగకూడదు. పచ్చి వెదురు కన్నా బాగా ఎండిన సన్న వెదురు, దానికన్నా గాజుపోగుతోనో కార్బన్‌తోనో చేసిన కర్ర తేలిక. భుజం కీలు పట్టేసినవారు చెయ్యి తలమీదుగా తిప్పి దారం విసరనక్కరలేదు. దారాన్ని గాలం దగ్గర వేళ్లతో పట్టుకుని, కర్ర కొనను కొద్దిగా వంచి వదిలితే ఎర ముందుకు జారి నీటిలో పడుతుంది. కర్రను గంటల తరబడి పట్టుకోవలసిన అవసరం కూడా లేదు, పంగల కర్ర ఒకటి నేలలో పాతి దాని మీద ఆనిస్తే సరిపోతుంది. పక్షవాతంతో ఒక చెయ్యి బలహీనమైనవారు రీలు, అంటే దారం చుట్టే చక్రం, ఉన్న కర్రను ఎంచుకోవచ్చు. చాలా రకాల రీళ్లలో తిప్పే పిడిని విప్పి కుడి నుంచి ఎడమకు మార్చుకునే వీలుంటుంది. కర్ర మొదలును తొడల మధ్యనో, నడుముకు కట్టిన పటకా జేబులోనో నిలిపితే బాగున్న చేత్తో చక్రం తిప్పవచ్చు. వేళ్లు వణికేవారికి అన్నిటికన్నా కష్టమైనది గాలం ముడి. ఇంటి దగ్గరే కళ్లజోడు పెట్టుకుని వెలుతురులో పది గాలాలకు జానెడు దారాలు ముడివేయించి, థర్మాకోలు ముక్కకు వరుసగా గుచ్చుకుని తీసుకువెళితే ఒడ్డున ఆ పని ఉండదు. జారిపోయే వానపాము కన్నా పిండి ముద్ద గుచ్చడం సులువు. గాలం కొనకు వెనుక ఉండే ముల్లును పటకారుతో నొక్కేస్తే చేప నోటి నుంచే కాదు, పొరపాటున గుచ్చుకున్న వేలి నుంచి కూడా అది తేలికగా వచ్చేస్తుంది. రక్తం పలుచబరిచే మందులు వాడేవారికి, గాయం త్వరగా మానని మధుమేహులకు ఈ చిన్న జాగ్రత్త ఎంతో మేలు చేస్తుంది. చివరగా, చేపను పైకి తీయడానికి వంగకుండా ఉండేందుకు పొడుగాటి పిడి ఉన్న చేతివల ఒకటి పక్కన ఉండాలి.

చేపను దగ్గరికి రప్పించే పని మేతది. వేరుశనగ చెక్క నానబెట్టి, తవుడుతో కలిపి గట్టి ఉండలుగా చేసి కూర్చున్న చోటికి ఎదురుగా ఒకే తావున వేస్తూ ఉంటే, అవి నెమ్మదిగా కరిగి అడుగున పరుచుకుంటాయి. బొచ్చె నీటి పై పొరలో, రవ్వ మధ్య పొరలో, మృగాల అడుగున మేస్తాయన్న విషయం చేపల పెంపకం చేసేవారందరికీ తెలిసినదే. కాబట్టి బెండుకూ గాలానికీ మధ్య దారం పొడవు మారిస్తే, లేచి నడవకుండానే మూడు రకాల చేపలను వెతికినట్టవుతుంది. కొర్రమీను సంగతి వేరు. పై గాలి కూడా పీల్చుకోగల ఈ చేప ఒడ్డుకు దగ్గరగా తుంగ, తామరాకుల నీడలో ఉంటుంది కాబట్టి దూరం విసరలేనివారికి అందుతుంది గాని, దాని లాగుడు బలమైనది. మణికట్టు, మోచేయి బలహీనంగా ఉన్నవారు పక్కన తోడు లేకుండా దాని జోలికి పోకపోవడం మంచిది. వానాకాలంలో పిల్లలను కాచుకుని తిరిగే కొర్రమీనును పట్టడం ఎవరికీ తగదు. జెల్ల, ఇంగిలాయి వంటి చేపల రెక్కల ముళ్లు గుచ్చుకుంటే భరించలేని నొప్పి పుడుతుంది కాబట్టి, వాటిని చేత్తో పట్టుకోకుండా పటకారుతో గాలం తీయాలి.

వేళ విషయంలో చంద్రపూర్‌కు తనదైన లెక్క ఉంది. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 47 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. వయసు పైబడినవారిలో దాహం తెలిసే శక్తి తగ్గుతుంది, రక్తపోటుకు వాడే కొన్ని మందులు శరీరంలోని నీటిని మరింతగా బయటికి పంపుతాయి. వడదెబ్బ ముందుగా వారినే పట్టేది అందుకే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే చలి నెలలు వారికి అనుకూలమైన కాలం. ఆ రోజుల్లో తెల్లవారకముందే పరుగెత్తవలసిన పని కూడా లేదు: చేప శరీరం నీటి వేడిని బట్టి నడుస్తుంది కాబట్టి చలి ఉదయాల్లో అది మందంగా ఉండి, ఎండ పొడ పడి నీరు వేడెక్కాక మేతకు కదులుతుంది, అరిగిన కీళ్ల బిగువు కూడా సరిగ్గా ఆ వేళకే సడలుతుంది.

ఆలస్యంగా వెళ్లమనడానికి ఇక్కడ మరొక బలమైన కారణం పులి. తాడోబా-అంధారీ పులుల అభయారణ్యం ఈ జిల్లాలోనే ఉంది, దాని వెలుపల కూడా పులులు, చిరుతలు తిరుగుతుంటాయి. నగరం పక్కనున్న 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం పరిసరాల పొదలు సైతం అందుకు మినహాయింపు కాదు. ఇప్పపూలు ఏరేటప్పుడు, తునికాకు కోసేటప్పుడు వంగి ఉన్న మనుషుల మీద దాడులు జరగడం ఈ ప్రాంతానికి తెలిసిన విషాదం. పొదల పక్కన, చీకటి వేళ, ఒంటరిగా కూర్చోవడం వయసులో ఉన్నవారికే ప్రమాదమైతే, లేచి పరుగెత్తలేనివారికి ఇక చెప్పేదేముంది. అభయారణ్యంలో చేపల వేట నిషిద్ధం, తాడోబా సరస్సులో మొసళ్లు కూడా ఉన్నాయి. వానాకాలంలో ఇరాయ్ జలాశయం గేట్లు ఎత్తితే దిగువన నది చూస్తుండగానే పొంగుతుంది కాబట్టి ఆ నెలల్లో నది ఒడ్డును పూర్తిగా వదిలేయాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో చంద్రపూర్‌ను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. కర్మాగారాల కాలువలు కలిసే చోట పట్టిన చేపను తినకుండా, తడి చేత్తో పట్టుకుని తిరిగి నీటిలో వదలడమే క్షేమం.

ఈ కారణాలన్నీ చూస్తే, నడవలేనివారికి నది కన్నా చెరువు కట్ట మేలు. తూర్పు విదర్భలో మాల్‌గుజారీ చెరువులనే పాత చెరువులు వేల సంఖ్యలో ఉన్నాయి. శిస్తు వసూలు చేసే భూస్వాములైన మాల్‌గుజార్ల అధీనంలో ఉండటం వల్ల వాటికి ఆ పేరు వచ్చింది. వాటిని తవ్వడంలో కోహ్లీ కులస్థుల నైపుణ్యం పేరుపొందింది. 1950లో జమీందారీ హక్కులు రద్దయ్యాక అవి ప్రభుత్వానికి వచ్చాయి. వీటి కట్టకు పైభాగం చదునుగా, బండి పోయేటంత వెడల్పుగా ఉంటుంది, కాని నీటి వైపు రాతి పరుపు ఏటవాలుగా దిగుతుంది. చేతికర్రతో నడిచే మనిషి కట్ట మీదికి రాగలడు, నీటి దగ్గరికి దిగలేడు. తూము దగ్గర లోతు, అలుగు మీద పాచి ఉంటాయి కాబట్టి అవి రెండూ తగిన చోట్లు కావు. కట్ట పొడవునా ఏదో ఒక చోట నీటి మట్టానికి కొంచెం పైన చదునైన వేదిక, దానికి మెట్లకు బదులు వాలుదారి ఉంటే సమస్య తీరుతుంది. అమెరికాలో 2010 నాటి సౌలభ్య ప్రమాణాలు ఈ విషయంలో ఎంత సూక్ష్మంగా ఆలోచించాయంటే, చేపల వేట వేదికలకు వేసే కటకటాల్లో కనీసం నాలుగోవంతు 34 అంగుళాలకు మించకూడదని, అప్పుడే చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి దాని పైనుంచి గాలం వేయగలడని, కుర్చీ చక్రం జారిపోకుండా అంచున 2 అంగుళాల గట్టు ఉండాలని నిర్దేశించాయి.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వినోదాన్ని కూడా హక్కుగానే గుర్తించింది. 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చేతికర్రలు, నాలుగు కాళ్ల ఊతకర్రలు, చక్రాల కుర్చీలు ఉచితంగా అందుతున్నాయి. కుర్చీ ఇంటి గుమ్మం వరకు వచ్చింది గాని చెరువు దాకా వెళ్లే దారి రాలేదు. చంద్రపూర్ చెరువుల్లో చాలావాటిని ప్రభుత్వం మత్స్య సహకార సంఘాలకు కౌలుకిస్తుంది, ఆ చెరువుల మీదే మత్స్యకారులైన ఢీవర్, భోయి కులస్థులు తరతరాలుగా బతుకుతున్నారు. సరదాకు గాలం వేసేవారు ముందుగా సంఘాన్ని అడగాలి, వారు పెంచిన చేపకు ధర చెల్లించాలి. అడిగి కూర్చున్న వృద్ధుడిని కాదనే సంఘాలు అరుదు.

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను తలకెత్తుకుని, పట్టణాల్లో కొన్ని కట్టలను నడక దారులతో, బల్లలతో అలంకరించింది. విదర్భలోనూ మాల్‌గుజారీ చెరువులకు మరమ్మతులు జరుగుతున్నాయి. అంచనాలు తయారుచేసే ఇంజినీర్లు, వాటిని ఆమోదించే నగరపాలికలు, పంచాయతీలు పూలకుండీలకు, రంగు దీపాలకు రాసే పద్దుల పక్కనే ప్రతి కట్టకూ ఒక వాలుదారిని, అంచున గట్టు కట్టిన ఒక చదును వేదికను, దాని మీద ఒక చెట్టు నీడను చేర్చాలి. అది రాసేలోగా ఇంట్లో పెద్దవారున్న ప్రతివారూ చేయగలిగిన పని ఒకటుంది: ఈ చలికాలం ఒక ఆదివారం పది గంటల వేళ గట్టి కుర్చీ ఒకటి, చెక్క పలక ఒకటి, మంచినీళ్ల సీసా, వారి మందులు పట్టుకుని, దగ్గరున్న చెరువు సంఘాన్ని అడిగి, వారిని కట్ట మీదికి తీసుకువెళ్లండి, వారు లేచేదాకా పక్కనే ఉండండి.