సైలెన్సర్ నట్టు కొనే ముందు

మన బాబుపేట్‌లో ఇంటికొక కారు లేకపోయినా సందుకు రెండు మూడు నిలబడి ఉంటున్నాయి. తండ్రులు మిల్లుల్లో, బొగ్గు గనుల్లో చేసి రిటైరయ్యారు. పిల్లలు సెకండ్ హ్యాండ్ బండి తీసుకుని కిరాయికి తిప్పుతున్నారు. చైత్రంలో మహాకాళి జాతర వచ్చిందంటే అటు తెలంగాణ చుట్టాలు ఇటు, పెండ్లిండ్ల సీజనులో మనం అటు, ఒకటే తిరుగుడు. ఈ బండ్లన్నిటి కడుపు కింద ఒక పొగ గొట్టం ఉంటది. మొత్తాన్ని కలిపి సైలెన్సర్ అనే అంటాం. దాన్ని ఇంజనుకు పట్టి ఉంచేవి కొన్ని నట్లు, బోల్టులు. వాటి గురించే ఈసారి రాస్తున్నా. ఇదేం ముచ్చట అని పేజీ తిప్పకండి.

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాసు ఉంటది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు ప్రాణవాయువును పట్టుకునేదానికంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటది. ముందు తలనొప్పి, తర్వాత వాంతి వచ్చినట్టు, ఆ తర్వాత నిద్ర. నిద్ర వచ్చిందంటే ఇక లేవనేలేకపోవచ్చు. కిరాయికి పోయిన డ్రైవరు పిల్లలు ఎండాకాలం ఏసీ పెట్టుకుని, ఇంజను ఆపకుండా, అద్దాలు ఎక్కించి బండిలోనే పడుకుంటారు. గొట్టం అతుకు దగ్గర నట్టు వదులైతే ఆ పొగ వెనక్కి పోకుండా కూర్చున్నవాళ్ళ కాళ్ళ కిందే లీకవుతది. నట్టు బాగున్నా సరే, ఇంజను నడుస్తుండగా అద్దాలు మూసి పడుకోవద్దని మీ పిల్లలకు చెప్పండి.

నేను మిల్లులో సైజింగు ఖాతాలో ఫిట్టరు కింద పనిచేశాను. నూలుకు గంజి పట్టించి, స్టీముతో కాగే పెద్ద పెద్ద డ్రమ్ముల మీద ఆరబెట్టే ఖాతా అది. చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ వేడి ఇనుముతో సావాసం మాత్రం ముప్పై ఏండ్లు. స్టీము పైపు నట్టుకు, మామూలు చట్రం నట్టుకు తేడా మాకు జాబరు మొదటి వారంలోనే చెప్పేవాడు. కారు సైలెన్సర్ దగ్గర వేడి మా స్టీముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. పెట్రోలు ఇంజను నుంచి బయటికొచ్చే పొగ, బండి లోడు మీద ఉన్నప్పుడు 800 డిగ్రీల పైకి పోతది. 600 దగ్గర ఇనుము చీకట్లో ఎర్రగా కనబడుతది. డీజిలు కొంచెం తక్కువ. వెనక డబ్బా దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు వందలకు దిగుతది. అంటే బండి మొత్తానికి ఒకే రకం బోల్టు అక్కర్లేదు. వెనక డబ్బా పట్టీకి మంచి మామూలు బోల్టు నడుస్తది. అసలు పరీక్షంతా ఇంజను పక్కన ఉండే మేనిఫోల్డ్ దగ్గర, దాని కింద ముందు గొట్టం కలిసే అతుకు దగ్గర.

దుకాణానికి పోయి 'గట్టి బోల్టు ఇయ్యి' అంటే వాళ్ళు తల మీద 8.8 అనో 10.9 అనో ఉన్నది ఇస్తారు. 8.8లో మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 80 కిలోల లాగుడుకు తెగుతదని. చుక్క తర్వాతి 8 అంటే అందులో ఎనభై వంతుల దగ్గర సాగడం మొదలవుతదని. ఎమ్8 సైజు, అంటే 8 మిల్లీమీటర్ల బోల్టు ఒక్కటి దగ్గర దగ్గర మూడు టన్నులు ఓర్చుకుంటది. చాలా గట్టిదే. కాని ఆ అంకె చల్లగా ఉన్నప్పటి గట్టితనం. ఈ బోల్టులకు ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ కొంత వేడి పెట్టి పదును సరిచేస్తారు. 8.8కి ఆ రెండో వేడి కనీసం 425 డిగ్రీలు ఉండాలని అంతర్జాతీయ కొలత. 10.9కి కూడా అంతే. బండి కింద అంతకు మించి కాగిందంటే కార్ఖానాలో పెట్టిన పదునును మనమే దించినట్టు. బోల్టు మెల్లగా సాగుతది, నట్టు తిరగకపోయినా బిగువు పోతది. కాబట్టి పెద్ద అంకె ఉన్న బోల్టు ఎక్కువ వేడికి ఆగుతదనుకోవడం శుద్ధ తప్పు. గట్టితనం వేరు, వేడికి ఓర్పు వేరు.

వేడికని చేసిన ఉక్కు వేరే ఉంటది. అందులో క్రోమియం, మాలిబ్డినం కలుపుతారు. తల మీద గాని చివర గాని బి7 అని గుర్తు ఉండేది ఆ రకమే. దాని రెండో వేడి 593 డిగ్రీలకు తక్కువ ఉండకూడదు. బి16 ఇంకా పైది, అందులో వనేడియం కూడా ఉంటది. స్టీము పైపుల అతుకులకు వాడేది ఇలాంటి స్టడ్లే. మన ఊరి పక్కనున్న థర్మల్ కేంద్రం 2,920 మెగావాట్లది. అట్లాంటి పెద్ద కేంద్రాల్లో స్టీము 540 డిగ్రీల చుట్టుపక్కల నడుస్తది. మామూలు బోల్టు అక్కడ నిలబడదు. ఇది చదివి కబాడీ దుకాణంలో బి7 స్టడ్డు వెతకబోతారేమో, వద్దు. తుక్కుకు వచ్చిన స్టడ్డు ఎన్నేండ్లు సాగిందో ఎవరికీ తెలియదు, పైగా అవి ఎక్కువగా అంగుళాల కొలతవి. మేనిఫోల్డ్‌కు కంపెనీ స్టడ్డే తీసుకోవాలె. నాలుగు పైసలు ఎక్కువైనా ఆ ఇంజను వేడి చూసి ఎంచిన ఉక్కు అది.

ఇక స్టెయిన్‌లెస్ స్టీలు. మెరుస్తది కాబట్టి అందరికీ దాని మీదే మోజు. మా అల్లుడి బండికి జరిగింది చెప్తా. ఒక వర్క్‌షాపులో మేనిఫోల్డ్ ప్యాకింగు మార్చి, పాత స్టడ్లు తీసి స్టెయిన్‌లెస్ స్టడ్లు, పైన స్టెయిన్‌లెస్ నైలాక్ నట్లు వేశారు. "మామా, ఇక జన్మలో తుప్పు పట్టదు" అని సంబరపడ్డాడు. మూడు నెలలు తిరిగాయో లేదో, ఆసిఫాబాద్ నుంచి రాజురా మీదుగా వస్తుంటే ముందు టిక్ టిక్, తర్వాత ట్రాక్టరు లెక్క చప్పుడు. పిల్లలకు తలనొప్పి. అద్దాలన్నీ దించుకుని ఇల్లు చేరారు. తెల్లారి నేను కింద దూరి చూస్తే రెండు నట్లు వేళ్ళతో తిరుగుతున్నాయి, మిగిలిన రెండు పానాకు కూడా కదలవు.

నైలాక్ నట్టు లోపల ఒక నైలాన్ ఉంగరం ఉంటది, అదే నట్టును తిరగనివ్వదు. నైలాన్ 120 డిగ్రీల వరకే పనికొస్తది. సైలెన్సర్ దగ్గర అది మొదటి రోజే కరిగి మసి అయింది. స్టెయిన్‌లెస్‌కు ఇంకో గుణం ఉంది. వేడికి అది పోత ఇనుముకంటె ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగుతది. మేనిఫోల్డ్ పోత ఇనుము, స్టడ్డు స్టెయిన్‌లెస్ అయితే కాగినప్పుడల్లా స్టడ్డే ముందు సాగి పట్టు వదులుతది. కదలని నట్ల సంగతేందంటే, స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రాసుకుంటే చూడీలు ఒకదాన్నొకటి కొరికి అతుక్కుపోతాయి. విప్పబోతే స్టడ్డు మెడ దగ్గర తెగి మేనిఫోల్డ్‌లోనే ఉండిపోయింది. మేనిఫోల్డ్ దించి, డ్రిల్లు వేసి, కొత్త చూడీ తీయడానికి అయిన ఖర్చు ఇరవై నట్ల ఖరీదుకంటె ఎక్కువ. ఆ రెండు రోజుల కిరాయి కూడా పోయింది. స్టెయిన్‌లెస్ చెడ్డదని కాదు, డబ్బా పట్టీలకు బాగుంటది. మేనిఫోల్డ్‌కు మాత్రం వద్దు.

ఇక్కడ మా మిల్లు లెక్క ఒకటుంది. స్టడ్డు ఖరీదైనది, నట్టు చవకది. కాబట్టి నట్టే మెత్తగా ఉండాలె, విప్పేటప్పుడు చెడితే నట్టే చెడాలె. పాత ఇంగ్లీషు నమూనా కార్లకు ఈ అతుకు దగ్గర ఇత్తడి నట్లు వేసేవాళ్ళు. ఇనుము స్టడ్డుతో ఇత్తడి తుప్పుపట్టి అతుక్కోదు. ఇప్పుడు రాగి పూత నట్లు వస్తున్నాయి. లోపల ఉక్కు, పైన ఎర్రటి రాగి, ఒక మూల కొద్దిగా నొక్కి ఉంటది. ఆ నొక్కుడే నైలాన్ చేసే పని చేస్తది, ఎంత వేడికైనా కరగదు. రాగి కరగాలంటే 1,085 డిగ్రీలు కావాలె. జింకు పూత ఉన్న తెల్లటి, పసుపు బోల్టుల జింకు 419కే కరుగుతది. అందుకని 'సైలెన్సర్‌కు రాగి పూత లాక్ నట్టు' అని పేరు పెట్టి అడగండి. ఒకసారి విప్పిన నట్టును మళ్ళీ వేయకండి.

చూడీ సంగతి మన పాత మిల్లు మనుషులకే ఎక్కువ చెప్పాలె. మనకు కొలత అంటే సూత్. అంగుళానికి ఎనిమిది సూతులు. నూలుతో బతికినవాళ్ళకు ఇనుమును కూడా సూతుల్లోనే కొలవడం నాకు ఎప్పుడూ తమాషాగానే ఉండేది. విలాయతీ సాంచాల బోల్టులు విట్‌వర్త్ చూడీలు, జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన 1841లో పెట్టిన కొలత. మన ఇంట్లో డబ్బాలో ఇంకా అవి పడి ఉంటాయి. రెండున్నర సూతుల బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు. కారు ఎమ్8తో పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కాని దానికి అంగుళానికి 18 చూడీలు, ఎమ్8కి ఇరవై పైన. చూడీ వాలు కూడా వేరే, అది 55 డిగ్రీల కోణం, ఇది 60. రెండు చుట్లు తిరిగి పట్టేస్తది. 'కొంచెం బిర్రుగా ఉంది' అని పానా మీద కాలు పెట్టారా, చూడీ మొత్తం పోయినట్టే. నట్టు వేళ్ళతోనే చివరిదాకా పోవాలె. నొక్కుడు ఉన్న లాక్ నట్టు చివరి చూడీల దగ్గర మాత్రమే బిర్రుగా తిరుగుతది.

చాలా కార్లలో ముందు గొట్టం మధ్యలో స్ప్రింగు బోల్టులు రెండు ఉంటాయి. ఇంజను ఊగినప్పుడు గొట్టం విరగకుండా ఆ అతుకు కొద్దిగా ఆడాలె. కొందరు ఆ స్ప్రింగు పూర్తిగా నలిగేదాకా బిగిస్తారు, ఇంకొందరు స్ప్రింగు తీసేసి మామూలు బోల్టు వేస్తారు. అప్పుడు ఊపంతా మేనిఫోల్డ్ స్టడ్ల మీద పడుతది. ఆ బోల్టుకు మెట్టు ఉంటది, మెట్టు దాకా బిగిస్తే చాలు. స్ప్రింగు తుప్పుతో సన్నబడితే సెట్టు మొత్తం మార్చండి.

పాతవి విప్పేది ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు విడిపించే నూనె కొట్టి పెట్టండి. బండి చల్లగా ఉన్నప్పుడే పని. మొదట పావు చుట్టు కూడా కాకుండా బిగించే వైపు కదిలించి, తర్వాత విప్పే వైపు. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. తొందరపడ్డవాడి స్టడ్డే తెగుతది. గ్యాసు బత్తీతో కాల్చేది ఉంటే అది మెకానిక్ పని, పెట్రోలు పైపు పక్కనే ఉంటది.

బిగించేటప్పుడు స్టడ్డుకు రాగి గ్రీజు సన్నగా రాయండి. మామూలు గ్రీజు కాలి బొగ్గయి ఇంకా గట్టిగా పట్టుకుంటది. మధ్య నట్లు ముందు, చివరివి తర్వాత, రెండు మూడు దఫాల్లో. ఎమ్8కి 8.8 బోల్టయితే లెక్క 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. అంటే పావు మీటరు పానా చివర పది కిలోల బలం. చెయ్యి ఎత్తి మొత్తం బరువు వేసే పని కాదిది. గ్రీజు రాస్తే ఇంకా కొంచెం తక్కువ చాలు. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పట్టుకోండి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లకు ఇంకో తిప్పలుంది. గొట్టం మీద ఆక్సిజన్ సెన్సర్ ఉంటది. దానికి ముందు అతుకు లీకైతే బయటి గాలి లోపలికి లాగుతది, ఇంజనుకు పెట్రోలు చాలట్లేదని సెన్సర్ పొరబడుతది. పెట్రోలు ఎక్కువ పోస్తది, మైలేజీ పడిపోతది. నట్టు వదులైందని ఎవరికీ తట్టదు, ఇంజక్టర్లు కడిగిస్తారు.

కొత్త నట్లు వేసిన తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక, బండి పూర్తిగా చల్లారినంక ఒకసారి పానా పెట్టి చూడండి. నెలకొకసారి పొద్దున మొదటి స్టార్టులో బానెట్ ఎత్తి చెవి పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మని, కాగినంక ఆగిపోతే అతుకు లీకవుతున్నట్టే, ఎందుకంటే వేడికి ఇనుము సాగి సందు మూసుకుంటది. అతుకు చుట్టూ నల్లటి మసి గీత కనబడితే ఇక చెవి కూడా అక్కర్లేదు. ఆ రోజు బండిలో పిల్లల్ని ఎక్కించుకోకుండా, అద్దాలు దించి మెకానిక్ దగ్గరికి పొండి.