నరికిన చెట్టు తీర్చవలసిన రుణమే

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని సీలేరు పేరు వినగానే జలవిద్యుత్తు గుర్తుకు వస్తుంది. మన ఇళ్లలో వెలిగే దీపాలలో ఆ కొండల నీటికీ పాలు ఉంది. ఇప్పుడు అక్కడ 1350 మెగావాట్ల ఎగువ సీలేరు పంప్డ్ స్టోరేజీ పథకం తలపెట్టారు. ఇటువంటి పథకాలకు అటవీభూమి కావాలి; దానితో పాటు చెట్లూ పోతాయి. పోయిన చెట్టుకు బదులేమిటి?

మన దేశంలో దీనికి నియమం ఉంది. అడవిని ఇతర అవసరాలకు మళ్లిస్తే, సాధారణంగా అంతే విస్తీర్ణంలో అటవీయేతర భూమిపై మొక్కలు పెంచాలి. కొన్ని సందర్భాలలో క్షీణించిన అడవిలో రెట్టింపు విస్తీర్ణంలో పెంచాలి. ఖర్చు పథకం చేపట్టినవారిదే. 2016 నాటి చట్టం ఈ సొమ్ముకు ప్రత్యేక నిధిని ఏర్పరచి, అందులో 90 శాతం రాష్ట్రాలకు కేటాయించింది. నియమం మంచిదే, లోపమంతా ఆచరణలో ఉంది. 2006-12 కాలానికి దేశవ్యాప్తంగా 1,03,381 హెక్టార్ల అటవీయేతర భూమి రావలసి ఉండగా 28,086 హెక్టార్లే వచ్చిందని, మొక్కలు పెంచినది 7,280 హెక్టార్లలోనేనని కాగ్ 2013లో నివేదించింది.

చెట్టు అరుదైన ఎడారి నేలలో ఈ ప్రశ్నకు ఇస్లాం ఏనాడో సమాధానం చెప్పింది. మక్కా హరమ్‌లో సహజంగా మొలిచిన చెట్లను నరకరాదని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఇళ్లకు అవసరమైన ఇజ్‌ఖిర్ గడ్డిని మాత్రం హజ్రత్ అబ్బాస్ (రజి) విన్నపంపై మినహాయించారు. అంటే మానవ అవసరాన్ని ధర్మం విస్మరించలేదు. ఎవరైనా నరికితే పరిహారమేమిటి? పెద్ద చెట్టుకు ఆవు, చిన్నదానికి మేక అని షాఫయీ పండితులు, వెల కట్టి దానం చేయాలని హనఫీ పండితులు చెప్పారు. పరిహారం లేదు గానీ అది పాపమేనని ఇమామ్ మాలిక్ అభిప్రాయం.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) దాస్యవిముక్తి ఉదంతం మరింత ఆలోచింపజేస్తుంది. 300 ఖర్జూరపు మొక్కలు నాటడం ఆ ఒప్పందంలో భాగం. దైవప్రవక్త (సఅసం) స్వయంగా తమ చేతులతో నాటారు. షమాయిలె తిర్మిజీలోని ఉల్లేఖనం ప్రకారం, అవి కాపుకు వచ్చేవరకు సల్మాన్ (రజి) సంరక్షించాలన్నది షరతు. గుంత తవ్వి మొక్క పెట్టడంతో బాధ్యత తీరలేదు. చెట్టు ఫలించినప్పుడే తీరింది.

సీలేరు కొండలలో ఈ కొలమానం మరీ అవసరం. అక్కడి ఆదివాసీ కుటుంబాలకు అడవి అంటే అడ్డాకు, చింతపండు, కరక్కాయ, తేనె. వేరొక జిల్లాలో నాటిన మొక్క వారి పొయ్యిపై కుండ ఎక్కించదు. ఇది హుఖూఖుల్ ఇబాద్, అనగా దాసుల హక్కులకు సంబంధించిన విషయం. ఇతరుల హక్కు తిరిగి చెల్లించకుండా, వారు మన్నించకుండా కేవలం తౌబాతో ఆ భారం దిగదని మన పండితులు బోధిస్తూ వచ్చారు.

ఇది ప్రభుత్వాలకే పరిమితం కాదు. 2002 నాటి వాల్టా చట్టం మన రాష్ట్రంలో చెట్టు కొట్టడానికి అనుమతి, దానికి బదులు మొక్కలు నాటడం అవసరమని చెబుతోంది. గది విస్తరణకు వేపచెట్టు కొట్టే గృహస్థుడైనా, వజూఖానా కోసం కానుగ తొలగించే మస్జిద్ కమిటీ అయినా ముందుగా అనుమతి తీసుకోవాలి. బదులు మొక్కను ఆ నీడ అనుభవించినవారికి అందేచోటనే నాటాలి. మూడు నాలుగు వేసవులు నీరు పోసే బాధ్యతను పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి.

ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి గానీ, పశువు గానీ, పక్షి గానీ తిన్నది అతనికి సదఖా అవుతుందని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అయితే నరికినదానికి బదులు నాటడం ముందుగా రుణవిమోచన. అప్పు తీర్చిన పిమ్మట నాటే మరో మొక్కను దానంగా భావిద్దాం.